1500 మంది ఉండే పగడపు దీవికి సోలార్, బ్యాటరీ: రాత్రి లెక్క ఎలా కట్టాలి?

వంశధార_గట్టు (ఆమదాలవలస)

పోర్ట్‌బ్లెయిర్‌లో మన సిక్కోలు వాళ్లు ఎంతమంది ఉన్నారో అందరికీ తెలిసిందే. దీవుల్లో సోలార్ పనులకు వెళ్లే ఎలక్ట్రీషియన్ కుర్రాళ్లు ఇక్కడ అడుగుతున్న ప్రశ్నలన్నీ ఒకే చోటికి వస్తున్నాయి: "ఎన్ని ప్యానెళ్లు, ఎంత బ్యాటరీ?" అందుకని ఒక ఊహా దీవిని పెట్టుకుని లెక్క కడదాం. తప్పులుంటే దిద్దండి.

మాల్దీవుల తరహా పగడపు దీవి. పొడవు కిలోమీటరున్నర, వెడల్పు 300 మీటర్లు. 300 ఇళ్లు, 1500 జనం. ఇప్పుడు నడిచేదంతా డీజిల్ జనరేటరే.

రోజు వాడకం:
ఇళ్లు 300 × 2 యూనిట్లు = 600
చేపల ఐస్, 3 టన్నులు × 70 = 210
సముద్రపు నీటి ఆర్వో, 30 ఘనపు మీటర్లు × 5 = 150
బడి, ఆసుపత్రి, వీధి దీపాలు, సెల్ టవర్ = 60
లైన్ నష్టాలు, బ్యాటరీ గది ఏసీ = 80
మొత్తం 1100 యూనిట్లు.

డీజిల్ మీదే అయితే యూనిట్‌కి 0.3 లీటర్ చొప్పున రోజుకి 330 లీటర్లు. అంటే ఏడాదికి 200 లీటర్ల డ్రమ్ములు 600 పడవ దిగాలి.

సోలార్ కిలోవాట్‌కి రోజుకి 4 యూనిట్లు అని మనం ఇక్కడ కట్టే లెక్క అక్కడా సరిపోతుంది. వానాకాలంలో 3కి దించాలి. 550 వాట్ల ప్యానెళ్లు 18 చొప్పున వరసగా కలిపిన దండలు (స్ట్రింగులు) 36, అంటే 648 ప్యానెళ్లు, 356 కిలోవాట్లు. మామూలు రోజు 1400 యూనిట్ల పైన, వాన రోజుల్లో 1070 దాకా వస్తాయి. 50 కిలోవాట్ల ఇన్వర్టర్లు 6, ఒక్కోదానికి 6 స్ట్రింగులు. స్థలం, వరసల మధ్య దారితో కలిపి 70 సెంట్లు.

రాత్రి వాడకం 60 శాతం, అంటే 660 యూనిట్లు. డిశ్చార్జిలో 5 శాతం పోగా చేతికొచ్చేది 95 శాతం, నిండు చార్జిలో వాడుకునే లోతు 85 శాతం, పదేళ్ల తర్వాత మిగిలే సత్తువ 80 శాతం. ఈ మూడింటితో భాగిస్తే 1020 యూనిట్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. బ్యాటరీ ఇన్వర్టర్లు 60 కేవీఏవి 4. పాత జనరేటర్లలో 100 కేవీఏది ఉంచేస్తాం.

మూడు రోజులు ఎండ లేకపోయినా నడిచేలా బ్యాటరీ పెట్టాలని కొందరి వాదన. నాకు మింగుడుపడటం లేదు.

---

బొబ్బిలి_వీణ (బొబ్బిలి)

బ్యాటరీ ఎందుకు, కొండ మీదికి నీళ్లు తోడి రాత్రి దింపుకోవచ్చు కదా అని ఎవరో ఒకరు అడుగుతారు. మన తూర్పు కనుమల పక్కన ఉండేవాళ్లకి ముందు తట్టేది అదే. లెక్క చూపిస్తా.

ఒక ఘనపు మీటరు నీరు 100 మీటర్ల ఎత్తు నుంచి దిగితే 0.27 యూనిట్ శక్తి. ఎత్తు ఎంతో దీన్ని బట్టి వేసుకోవడమే. స్పెయిన్ వారి ఎల్ హియెర్రో దీవిలో 2014లో మొదలైన, నీళ్లు పైకి తోడి దింపే ప్రాజెక్టులో ఎత్తు 650 మీటర్ల పైన. అక్కడ టర్బైన్ నష్టాలు కలుపుకున్నా 660 యూనిట్లకి సుమారు 440 ఘనపు మీటర్లు చాలు, ఊరి చెరువులో ఓ మూల. మాల్దీవుల్లో నేల ఎత్తు రెండున్నర మీటర్లు దాటదు. రెండు మీటర్ల ఎత్తుతో అదే 660 యూనిట్లు కావాలంటే లక్షన్నర ఘనపు మీటర్లు. ఎల్ హియెర్రోలో కింది చెరువు మొత్తం పట్టేది అంతే! కాబట్టి పగడపు దీవికి ఆ మాట వదిలేయండి. ఫిజీ లాంటి అగ్నిపర్వతపు దీవులైతే వేరు. అక్కడ కొండలూ వానా రెండూ ఉన్నాయి, వైలోవా జలవిద్యుత్ కేంద్రం ఒక్కటే 80 మెగావాట్లు.

ఎల్ హియెర్రో నుంచి మరో సంగతి. 11.5 మెగావాట్ల గాలిమరలు, 11.3 మెగావాట్ల జల టర్బైన్లు ఉన్నా ఏడాది మొత్తం మీద డీజిల్‌ని పూర్తిగా మానలేకపోయారు. గాలి తగ్గిన వారాలకు సరిపడా నీరు నిల్వ చేసే చోటు కింది చెరువులో లేదు. పైన 3,80,000 ఘనపు మీటర్ల చెరువు ఉన్నా, కింద పట్టేంతవరకే దింపగలరు. నిల్వ లెక్కల్లో చిన్న గిన్నెదే పెత్తనం.

---

నాగావళి_నీరు (శ్రీకాకుళం)

మూడు రోజుల బ్యాటరీ మాట. అమెరికన్ సమోవాలోని టాఊ దీవిలో 2016లో అలాగే చేశారు: 600 మంది లోపు జనం, 1.4 మెగావాట్ల సోలార్, 60 బ్యాటరీ క్యాబినెట్లు కలిపి 6 మెగావాట్ అవర్లు, అంటే 6000 యూనిట్లు. మనిషికి 10 యూనిట్ల బ్యాటరీ అన్నమాట! ఆ కొలత మీ దీవికి వేస్తే 15 మెగావాట్ అవర్లు కావాలి. ఇంకో చివర చూడండి: దక్షిణ అండమాన్‌లో 2020లో మొదలైనది 20 మెగావాట్ల సోలార్‌కి 8 మెగావాట్ అవర్ల బ్యాటరీ. పూర్తి లోడు మీద 24 నిమిషాలు. అది రాత్రికి దాచుకునేది కాదు, మబ్బు కమ్మినప్పుడు జనరేటర్లు అందుకునే లోపు గ్రిడ్ పడిపోకుండా పట్టుకునేది. లక్షద్వీప్‌లోని కవరత్తిలో 2024 జనవరిలో ప్రారంభించింది 1.7 మెగావాట్లకి 1.4 మెగావాట్ అవర్లు. మూడూ దీవులే, మూడింట్లో బ్యాటరీ పని వేరు. "ఎంత బ్యాటరీ" అనే ముందు దానితో చేయించే పనేమిటో రాసుకోవాలి.

వంశధార గారి లెక్కలో బ్యాటరీ పని ఒక్క రాత్రి గడపడం. అది సరైనదే. మబ్బు పట్టిన రోజులు ఏడాదికి 30 ఉంటాయనుకుందాం, ఆ 30 రోజుల కోసం కొన్న అదనపు బ్యాటరీ మిగతా 335 రోజులు ఊరికే కూర్చుని పాతబడుతుంది. ఆ రోజుల్లో 100 కేవీఏ జనరేటర్‌ని 60 కిలోవాట్ల మీద 3 గంటలు నడిపితే 180 యూనిట్లు, 54 లీటర్లు. అయిపోయింది.

కానీ జనరేటర్‌ని 30 శాతం లోడు కింద గంటల తరబడి తిప్పకండి. సిలిండర్ వేడెక్కక డీజిల్ సగం కాలుతుంది, సైలెన్సర్ నుంచి నల్ల జిడ్డు కారుతుంది, రింగుల్లో మసి పట్టేస్తుంది. 80 కిలోవాట్ల యంత్రానికి 24 కిలోవాట్లు అడుగు గీత. కాబట్టి దాన్ని లోడుకి వదలకుండా, బ్యాటరీ చార్జింగుతో కలిపి 70, 75 శాతం మీద గట్టిగా నడిపి ఆపేయడమే పద్ధతి.

---

నౌపడ_ఉప్పు (సంతబొమ్మాళి)

లెక్క బాగానే ఉంది గానీ, ఐస్ ప్లాంటు రాత్రి ఎందుకు నడవాలండీ? సూర్యుడున్నప్పుడే ఐస్ చేసేస్తే ఐసే మీ బ్యాటరీ. ఆర్వో కూడా అంతే, పగలు తోడి ట్యాంకు నింపేస్తే పోద్ది.

రాత్రికి మిగిలేది ఏటంటే: ఇళ్లలో 60 శాతం, 360. దీపాలు, ఆసుపత్రి ఫ్రిజ్, టవర్ 45. నష్టాలు, ఏసీ 40. మొత్తం 445. అదే మూడు భాగహారాలు వేయండి, 690 యూనిట్ల బ్యాటరీ. 1020 నుంచి 330 యూనిట్లు ఎగిరిపోయాయి. దీవికి బ్యాటరీ మోసుకెళ్లే బరువులో మూడో వంతు తగ్గింది కదా!

---

భావనపాడు_వల (టెక్కలి)

నౌపడ గారు, ఆర్వో వరకు మీ మాట నూటికి నూరుపాళ్లు. ఐస్ దగ్గర ఒక చిక్కుంది.

చేపల రేవుల్లో మామూలుగా చూసేది దిమ్మ ఐస్. ఉప్పునీటి తొట్టిలో అచ్చులు దింపి గడ్డకట్టించేది. అది గడ్డకట్టే సమయం మందానికి వర్గం ప్రకారం పెరుగుతుంది. తొట్టి మైనస్ 10 డిగ్రీలు ఉంటే 6 అంగుళాల మందం అచ్చుకి 14 గంటలు, 11 అంగుళాలదానికి దాదాపు రెండు రోజులు. ఎండ ఉండే 8 గంటల్లో అవ్వదు. మధ్యలో కంప్రెసర్ ఆపితే ఉప్పునీరు వేడెక్కి పొద్దున్న మళ్లీ మొదటికి వస్తుంది.

రెండు దారులు. ఒకటి, పెచ్చుల ఐస్ లేదా గొట్టపు ఐస్ యంత్రం. నిమిషాల్లో తయారు, ఆపినా నష్టం లేదు. టన్నుకి కరెంటు కాస్త ఎక్కువ, 80 యూనిట్లు వేసుకోండి. నాలుగంగుళాల పఫ్ (వేడిని ఆపే ఫోమ్) గోడలున్న నిల్వ గది తప్పనిసరి, లేకపోతే రాత్రికి కరిగిపోతుంది. రెండోది, దిమ్మ ఐసే కావాలంటే పల్చటి అచ్చులు, పెద్ద తొట్టి. మా దగ్గరి పడవల వాళ్లు దిమ్మనే ఇష్టపడతారు, ఎందుకంటే నాలుగైదు రోజులు సముద్రం మీద ఉంటే పెచ్చులు త్వరగా కరుగుతాయి. పగడపు దీవి పక్కన పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే పడవలకి పెచ్చులు చాలు.

ఇంకొకటి. 3 టన్నులు 24 గంటల్లో చేయడానికి 9 కిలోవాట్ల కంప్రెసర్ సరిపోయేది. 8 గంటల్లో అంటే 30 కిలోవాట్లది. అంత మోటారుని డైరెక్ట్ స్టార్టర్ మీద ఆన్ చేస్తే ఆరేడు రెట్లు కరెంటు లాగుతుంది. 55 ఆంపియర్ల మోటారు 350 దాకా పోతుంది. జనరేటర్ మూలిగి ఊరుకుంటుంది, బ్యాటరీ ఇన్వర్టర్ మాత్రం ట్రిప్పయి ఊరంతా చీకటి చేస్తుంది. మోటారుని మెల్లగా వేగం అందుకునేలా చేసే వీఎఫ్‌డీ లేకుండా ఆ మోటారుని ఒప్పుకోవద్దు. బ్యాటరీలో మిగిలిన డబ్బులో కొంత ఇక్కడ తిరిగి పెట్టాలి. అయినా లాభమే.

---

పైడితల్లి_సిరిమాను (విజయనగరం)

మొదటి పోస్టులో పెద్ద తప్పుంది, ఎవరూ పట్టుకోలేదు. సోలార్ ఇన్వర్టర్లు 6 × 50 = 300 కిలోవాట్లు. బ్యాటరీ ఇన్వర్టర్లు 4 × 60 = 240 కేవీఏ. సోలార్, బ్యాటరీ రెండూ తమ ఇన్వర్టర్ల తర్వాత ఏసీ కరెంటు లైనులో కలిసే పద్ధతిలో ఇది నడవదు.

కారణం: మధ్యాహ్నం 12 గంటలకి సోలార్ 290 ఇస్తోంది, ఊరు 90 తీసుకుంటోంది, మిగతా 200 బ్యాటరీలోకి పోతోంది అనుకోండి. ఆ క్షణంలో ఒక ఫీడర్ (ఊళ్లోకి వెళ్లే లైను) ట్రిప్పయి 60 కిలోవాట్ల లోడు పోయింది. మొత్తం 260 బ్యాటరీ ఇన్వర్టర్లలోకి తోసుకొస్తుంది. వాటి సత్తా 240. ఓల్టేజి ఎగబాకి మొత్తం ఆగిపోతుంది. అందుకే సోలార్ ఏసీ కిలోవాట్లకి కనీసం సమానంగా బ్యాటరీ ఇన్వర్టర్ ఉండాలన్నది సాధారణ సూత్రం. 60వి 5 పెట్టండి, 300. లేదా సోలార్‌లో మూడో వంతుని డీసీ వైపు నుంచి నేరుగా బ్యాటరీకి కలపండి.

బ్యాటరీ నిండిపోయినప్పుడు సోలార్‌ని తగ్గించేది ఫ్రీక్వెన్సీ. గ్రిడ్‌ని పట్టుకున్న బ్యాటరీ ఇన్వర్టర్ 50 హెర్ట్జ్‌ని మెల్లగా 51, 52 దాకా పెంచుతుంది, అది చూసి సోలార్ ఇన్వర్టర్లు తమ పవర్ దించుకుంటాయి. ఈ అమరిక రెండు వైపులా ఒకే అంకెలకి పెట్టారో లేదో ముందే చూసుకోవాలి. మన ఊళ్ల గ్రిడ్ సెట్టింగుతో వచ్చిన సోలార్ ఇన్వర్టర్ కొద్దిగా పెరగగానే దించుకోకుండా ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆరూ ఒకేసారి ఆగితే 200 కిలోవాట్ల గుంట. అయిదు నిమిషాలకి ఆరూ ఒకేసారి మళ్లీ లేస్తాయి. ఎండ బాగా కాసే మధ్యాహ్నాల్లో దీపాలు ఊగిసలాడుతున్నాయని ఫిర్యాదు వస్తే ముందు వెతకాల్సింది ఇక్కడే.

---

వంశధార_గట్టు

ఒప్పుకుంటున్నాను, 240 నా తప్పే. 5 × 60 చేస్తాను. ఒక్కో ఇన్వర్టర్‌కి రెండు ర్యాకులు, ఒక్కో ర్యాకులో 51.2 ఓల్టుల 100 ఆంపియర్ అవర్ మాడ్యూళ్లు 15 వరుసలో. అంటే 768 ఓల్టులు, 76.8 యూనిట్లు. పది ర్యాకులు 768 యూనిట్లు, నౌపడ గారి 690కి పైన కొంచెం ఊపిరి. మాడ్యూల్ ఒక్కోటి సుమారు 50 కిలోలు, ఇద్దరు పట్టుకుని పడవలోంచి దించగలరు. కంటైనర్ బ్యాటరీ చవక అనిపిస్తుంది గానీ క్రేన్ లేని రేవులో దించేదెలా?

లెడ్ యాసిడ్ అయితే సగం లోతు వరకే వాడాలి. 445 రాత్రికి కూడా 1200 యూనిట్ల పైన పెట్టాలి. 2 ఓల్టుల 1000 ఆంపియర్ అవర్ సెల్లులు 600 పైచిలుకు, బరువు 40 టన్నులు. 2012లో పసిఫిక్‌లోని టోకెలావు మూడు దీవుల్లో 4032 ప్యానెళ్లు, 1344 లెడ్ యాసిడ్ బ్యాటరీలతో మొదలుపెట్టారు, అప్పటికి అదే సరైన నిర్ణయం. ఇప్పుడు కాదు.

---

బారువ_తీరం (సోంపేట)

మీరంతా కిలోవాట్ల దగ్గరే ఉన్నారు. దీవిలో ప్యానెల్‌ని చంపేది ఉప్పు, బోల్టు.

బారువ, కళింగపట్నం బీచ్ దగ్గర దీపాల స్తంభాల్ని పాదం దగ్గర తుప్పు ఎలా తినేస్తుందో చూసినవాళ్లకి కొత్తగా చెప్పేదేమీ లేదు. తుప్పు పైనుంచి రాదు, నీరు నిలిచే చోట మొదలవుతుంది. కాబట్టి:

స్ట్రక్చర్‌కి హాట్ డిప్ గాల్వనైజింగ్ (జింక్ పూత) 80 మైక్రాన్లకి తగ్గకూడదు. సైటులో రంధ్రం వేస్తే ఆ అంచు అప్పుడే జింక్ పెయింటు వేయాలి. అసలు రంధ్రాలన్నీ గాల్వనైజింగ్‌కి ముందే వేయించుకోవడం మేలు. బోల్టులు 316 స్టెయిన్‌లెస్. 304 వేస్తే రెండేళ్లకి టీ మరకల్లా వస్తుంది. అల్యూమినియం రైలు ఇనుము మీద నేరుగా కూర్చోకూడదు, మధ్యలో రబ్బరు లేదా నైలాన్ పలక. లేదంటే ఉప్పు తేమలో అల్యూమినియం తిని తెల్ల పొడి రాలుతుంది. స్టెయిన్‌లెస్ నట్టు స్టెయిన్‌లెస్ బోల్టు మీద గన్‌తో వేగంగా బిగిస్తే పట్టేసి విరిగిపోతుంది, యాంటీ సీజ్ పేస్టు రాసి చేత్తో బిగించండి. ప్యానెళ్లు ఉప్పు తుంపర పరీక్ష ఐఈసీ 61701 నెగ్గినవి అడగండి.

ఇన్వర్టర్‌లో బయటి గాలిని లోపలికి పీల్చే ఫ్యాన్ ఉంటే అది దీవికి పనికిరాదు. కేబుల్ లోపలికి దూరే గ్లాండ్లు కిందనుంచే, ఖాళీ గ్లాండ్లకి మూతలు. ప్యానెల్ వైర్ల ఎంసీ4 కనెక్టర్లు రెండు కంపెనీలవి కలిపి గుచ్చితే సరిపోయినట్టే ఉంటాయి, లోపల పట్టు చాలక వేడెక్కి కరుగుతాయి. ప్యానెళ్లతో వచ్చినవి ఏ కంపెనీవో అవే ఇంకో వంద కొనుక్కుని వెళ్లండి.

భూమధ్యరేఖ దగ్గర ఎండ నెత్తి మీద కాబట్టి ప్యానెల్ దాదాపు పడుకోబెట్టొచ్చు. కానీ పూర్తిగా పడుకోబెడితే కింది అంచున మురికి గీత కట్టి సెల్లులు మాడతాయి. 10 డిగ్రీలు ఇవ్వండి, వాన కడిగేస్తుంది. మన దగ్గర 18 అలవాటు, అక్కడికి ఆ ఫ్రేములే పట్టుకెళ్లొద్దు.

---

ఉద్దానం_కొబ్బరి (కవిటి)

తుపాను మాట ఎవరూ ఎత్తలేదే! 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీ పలాస దగ్గర తీరం దాటితే ఉద్దానంలో కొబ్బరి చెట్లు పడి ఎన్ని లైన్లు తెగాయో మనకి చెప్పక్కర్లేదు.

భూమధ్యరేఖకి 5 డిగ్రీల లోపు తుపానులు దాదాపు రావు. దక్షిణ మాల్దీవులు, కిరిబాటిలో తరావా ఆ లోపలే. వనువాటు, ఫిజీ, టోంగా, మడగాస్కర్ తుపాను దారిలోనే ఉన్నాయి. దీవి ఎక్కడుందో చూసి గాలి లెక్క కట్టాలి.

కట్టడాల మీద గాలి లెక్కకి మన ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం ఈ తీరంలో గాలి మూల వేగం సెకనుకి 50 మీటర్లు. తుపాను తర్వాత పనిచేయాల్సిన కట్టడాలకి 1.3 గుణకం. కరెంటు కేంద్రం అందులోకే వస్తుంది. మిగతా గుణకాలు 1 అనుకుంటే 65 మీటర్లు. ఒత్తిడి 0.6 × 65 × 65, చదరపు మీటరుకి 2535 న్యూటన్లు. ప్యానెల్ 2.58 చదరపు మీటర్లు. ఒక్కో ప్యానెల్‌ని పైకి లాగే బలం 650 కిలోల పైన! చాలా ప్యానెళ్లని వెనకనుంచి పరీక్షించేది 2400 పాస్కల్‌కే. ప్యానెల్ ఎంచుకునేటప్పుడు ఈ ఒక్క అంకె చూడండి.

విరగడం ఎక్కడ మొదలవుతుందంటే మధ్య క్లాంపు దగ్గర. రెండు ప్యానెళ్లకి ఒకే క్లాంపు. ఒక ప్యానెల్ ఊడితే పక్కదాని పట్టు కూడా పోతుంది, వరస మొత్తం పేకల్లా లేచిపోతుంది. 2017లో ఇర్మా, మారియా తుపానుల తర్వాత కరీబియన్ దీవుల్లో ఎక్కువగా కనిపించిన లోపం ఇదే. కాబట్టి క్లాంపు బదులు ప్యానెల్ ఫ్రేము రంధ్రాల్లోంచి బోల్టు, ఊడని నైలాక్ నట్టు. పునాది కాంక్రీటుకి సముద్రపు ఇసుక వాడితే ఉప్పు ఊచల్ని తినేస్తుంది. ఇసుక కూడా పడవలోనే రావాలి, లేదా ఇసుకలోకి తిప్పి దించే స్క్రూ పైల్ వేయాలి.

కొబ్బరి చెట్టుకీ ప్యానెల్‌కీ మధ్య చెట్టు ఎత్తంత దూరం, 15 నుంచి 20 మీటర్లు. నాలుగు వైపులా చెట్లుంటే ఆ 70 సెంట్లు రెట్టింపు దాటిపోతుంది. ఈ స్థలం గొడవ ఊరివాళ్లతో ముందే తేల్చుకోవాలి, చెట్లు కొట్టేశాక కాదు.

గాలిమరలు పెట్టాలనుకుంటే వనువాటులో ఎఫాటే దీవిలో ఉన్నట్టు తుపాను ముందు వంచి నేలకి దించేసే రకం చూడండి. అదే వనువాటులో జనరేటర్లలో కొబ్బరి నూనె కూడా వాడారు!

---

నౌపడ_ఉప్పు

కొబ్బరి నూనె మీద జనరేటరా! మరి ఉద్దానంలో ఎందుకు చెయ్యరేటి?

---

ఉద్దానం_కొబ్బరి

సుమారు పది కాయలకి లీటరు నూనె. ఆ పది కాయలు అమ్మితే వచ్చేదాంతో డీజిలే ఎక్కువ వస్తుంది. డీజిల్ మోసుకెళ్లే ఖర్చు మోత మోగి, కొబ్బరి కొనేవాడు దూరంగా ఉన్న దీవిలోనే ఆ లెక్క కుదిరేది.

యంత్రం పని చెప్తా. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, కాబట్టి ట్యాంకుకి, పైపుకి వేడి కావాలి. డీజిల్ మీద స్టార్ట్ చేసి ఇంజిను వేడెక్కాక నూనెకి మార్చాలి, ఆపే ముందు పది నిమిషాలు మళ్లీ డీజిల్‌కి రావాలి. లేకపోతే ఇంజెక్టర్లో నూనె మిగిలి మర్నాడు పట్టేస్తుంది. వడగట్టి, తేమ లేకుండా చూడాలి. రోజంతా తిరిగే యంత్రానికి ఇది సరే. మన లెక్కలో జనరేటర్ మబ్బు రోజు మూడు గంటలే తిరుగుతుంది. అందుకు ఇంత తంతు దండగ.

---

పైడితల్లి_సిరిమాను

ఇప్పుడు లైన్లు. కేంద్రం దీవి మధ్యలో పెట్టండి. ఒక చివర పెట్టి 400 ఓల్టులు మొత్తం లాగితే ఏమవుతుందో చూడండి. మధ్యలో పెట్టినా ఒక వైపు 600 మీటర్లకి 50 కిలోవాట్లు, 95 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబుల్: కరెంటు 76 ఆంపియర్లు, వేడి మీద నిరోధం కిలోమీటరుకి 0.4 ఓమ్, ఓల్టేజి పతనం 31 ఓల్టుల పైన. దాదాపు 8 శాతం. చివరి ఇంట్లో ఓల్టేజి తగ్గి ఫ్రిజ్ కంప్రెసర్లు ఇబ్బంది పడతాయి. అటు రెండు, ఇటు రెండు ఫీడర్లుగా విడగొడితే 4 శాతానికి వస్తుంది. ఇంకా పొడవైన దీవైతే 11 కేవీ తప్పదు, కానీ అక్కడో గోతి: చీకటి నుంచి ఇన్వర్టర్ ట్రాన్స్‌ఫార్మర్‌ని ఒక్కసారిగా ఎక్కిస్తే మొదటి సైకిల్లో పది రెట్ల కరెంటు లాగి ఇన్వర్టర్ పడిపోతుంది. ఓల్టేజిని సున్నా నుంచి మెల్లగా పెంచే సదుపాయం ఉన్న ఇన్వర్టర్ అడగాలి.

రక్షణ ఇంకా ముఖ్యం. లైను షార్ట్ అయితే జనరేటర్ నాలుగైదు రెట్ల కరెంటు పోస్తుంది, ఫ్యూజు తెగుతుంది. ఇన్వర్టర్ తనను తాను కాపాడుకోవడానికి ఒకటిన్నర, మహా అయితే రెండు రెట్లకి పరిమితం అవుతుంది. 300 కేవీఏకి 433 ఆంపియర్లు, రెట్టింపు చేసినా 870. ఫీడర్‌కి 200 ఆంపియర్ల ఫ్యూజు వేశారనుకోండి, అది 5 సెకన్లలో తెగాలంటే వెయ్యి దాటాలి. తెగదు. ఫ్యూజు నిలబడుతుంది, ఇన్వర్టర్ ఆగుతుంది, ఎక్కడ తప్పో తెలియకుండా ఊరంతా చీకటి. పాత డీజిల్ రోజుల ఫ్యూజులే ఉంచేస్తే జరిగేది ఇదే. ఫీడర్‌కి ఎలక్ట్రానిక్ ట్రిప్ ఉన్న ఎంసీసీబీ బ్రేకర్, తక్కువ సెట్టింగు. ప్రతి ఇంటికి కరెంటు లీకైతే పడిపోయే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ.

---

నాగావళి_నీరు

బ్యాటరీల రవాణా గురించి ఒక ముక్క. లిథియం మాడ్యూళ్లు ఓడలో తొమ్మిదో తరగతి ప్రమాదకర సరుకు, యూఎన్ 3480. ఆ కాగితాలు లేకపోతే రేవులో ఆగిపోతాయి. ఆగిన నెలల్లో బీఎంఎస్ (బ్యాటరీని కాపలా కాసే కార్డు) తన కోసం కొద్దికొద్దిగా చార్జి తాగుతూనే ఉంటుంది. చార్జి బాగా తక్కువగా పంపితే సెల్ ఓల్టేజి అడుగు గీత దాటి బీఎంఎస్ తాళం వేసుకుంటుంది, దీవిలో దాన్ని లేపే సామాను ఉండదు. ఎంత చార్జితో పంపారో రాయించుకోండి. పెట్టె మీద బ్రేకర్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. ఆరు నెలలు దాటే ప్రయాణం అయితే మధ్యలో ఎక్కడో ఒకసారి చార్జి పెట్టించాలి.

స్పేరు సామాను మొదటి ఓడలోనే వెళ్లాలి. ఒక సోలార్ ఇన్వర్టర్, ఒక బ్యాటరీ ఇన్వర్టర్, రెండు మాడ్యూళ్లు, 20 ప్యానెళ్లు, డీసీ ఫ్యూజులు వంద, సర్జ్ కాట్రిడ్జిలు, బీఎంఎస్ కమ్యూనికేషన్ కార్డు, ఆ కేబుళ్లు నాలుగు. చివరిది మర్చిపోతారు. పది రూపాయల ప్లగ్గు పోయి ర్యాకు మొత్తం ఆగిన తర్వాత గుర్తొస్తుంది.

---

భావనపాడు_వల

డబ్బు వసూలు మాట కూడా రాయాలి. కిరిబాటిలో 1984లో సోలార్ కంపెనీ పెట్టి ఇళ్లకి ప్యానెళ్లు, బ్యాటరీలు అమ్మేశారు. అమ్మాక చూసేవాళ్లు లేరు. కంట్రోలర్‌ని పక్కకి తప్పించి నేరుగా కలపడం, సన్న వైర్లు, బ్యాటరీ పోతే కారు బ్యాటరీ పెట్టడం. చాలావరకు పాడయ్యాయి. తర్వాత పద్ధతి మార్చారు: సామాను కంపెనీదే, ఇల్లు నెలకింత కడుతుంది, నెలకోసారి టెక్నీషియన్ వచ్చి చూస్తాడు.

మన దీవికి ప్రీపెయిడ్ మీటర్, పగలు తక్కువ రేటు. నీళ్ల మోటార్లు, బట్టల మెషీన్లు పగటికి జరిగితే బ్యాటరీ మీద భారం ఇంకా తగ్గుతుంది. పదేళ్లకి బ్యాటరీ మార్చే డబ్బు ఆ వసూలులోంచే పక్కన పడాలి. డీజిల్‌కి నెలనెలా అలవాటైన పంచాయతీకి పదేళ్ల తర్వాతి ఖర్చు కనిపించదు.

---

బొబ్బిలి_వీణ

ఒక ప్రశ్న మిగిలింది. జనరేటర్ దగ్గర న్యూట్రల్ ఎర్తింగ్ ఉంది. ఇప్పుడు గ్రిడ్‌ని పట్టేది బ్యాటరీ ఇన్వర్టర్లు. న్యూట్రల్ ఎక్కడ ఎర్త్ చేయాలి?

---

పైడితల్లి_సిరిమాను

ఒక్క చోటే, ప్రధాన బస్‌బార్ దగ్గర, ఎప్పుడూ తెగకుండా. జనరేటర్ దగ్గర న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ ఉన్న బంధం తీసేయాలి. రెండు చోట్లా ఉంచితే న్యూట్రల్ కరెంటు కొంత ఎర్త్ దారిన తిరుగుతుంది, ఎర్త్ ఫాల్ట్ రిలే కారణం లేకుండా పడుతూ ఉంటుంది. అసలు లేకుండా చేస్తే ఫేజు ఎర్త్‌కి తగిలినా ఏ ఆర్‌సీసీబీ పడదు, అది ఇంకా ప్రమాదం. బంధాన్ని జనరేటర్ వైపే ఉంచేసి న్యూట్రల్‌ని కూడా తెంచే నాలుగు పోళ్ల చేంజోవర్ స్విచ్ పెడితే, జనరేటర్ పక్కకి తప్పగానే బంధం కూడా పోతుంది. ఎక్కువసార్లు జరిగే తప్పు అదే. ఇక్కడ మూడు పోళ్లది పెట్టి న్యూట్రల్ తెగకుండా ఉంచండి.

గొయ్యిలో ఉప్పు, బొగ్గు వేయడం మన అలవాటు. పగడపు ఇసుకలో రెండు మీటర్లలోనే ఉప్పు కలిసిన నీరు తగులుతుంది, మళ్లీ ఉప్పు పోస్తే జీఐ పైపుని మరింత త్వరగా తినడమే. రాగి పూత కడ్డీలు 3 మీటర్లవి నాలుగు, ఒకదానికొకటి 6 మీటర్ల దూరంలో, జాయింట్లు బోల్టుతో కాదు, ఎక్సోథర్మిక్ (పొడి మండించి అతికే) వెల్డింగుతో. వాన నీటితో ఆ దీవిలో మంచినీరు పల్చటి పొరగా ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. ఆ పొర మందం కాలాన్ని బట్టి మారుతుంది, దానితో ఎర్త్ నిరోధం కూడా మారొచ్చు. మన దగ్గరిలా ఎండాకాలం కొలతే చాలనుకోకుండా, వానాకాలంలోనూ కొలత తీసుకోండి.